చెంచమ్మ ఒంటిమీద తొమ్మిది బెజ్జాలు

కావలి చేపల అంగడిలో చెంచమ్మ అంటే రెండు సంగతులు అందరికీ తెలుసు. ఒకటి ఆమె నోరు. రెండోది ఆమె చూపుడువేలు. నోటి సంగతి చెప్పక్కర్లేదు, విన్నవాళ్ళు మరచిపోరు. వేలి సంగతి ఏమంటే, కానాగంత చేపను కత్తి తగలకుండా బాగుచెయ్యడంలో ఆ వేలికి సాటి లేదు. పెళ్ళివాళ్ళకూ హోటలువాళ్ళకూ చేపను లోపల మసాలా కూరి నిండుగా వేయించాలంటే పొట్ట చీలకూడదు. చీలిందంటే మసాలా అంతా నూనెపాలే. చెంచమ్మ చేపను ఎడమచేత పట్టి, మొప్ప కిందికి వేలు దూర్చి, ఒక్క మెలి తిప్పి లాగేది. మొప్పతోపాటు పేగులన్నీ దారంలాగా వెంటవచ్చేవి. పొట్టమీద గీత కూడా ఉండేది కాదు.

"కొయ్యకుండా ఎట్టా తీసినావు మే?" అని కొనేవాళ్ళు నోరు వెళ్ళబెడితే, "ఇంటికి పోయి కోసి చూసుకో. లోపల పేగు ముక్క ఉంటే నీ దుడ్లు నీకు, నా చెవులు నీకు" అనేది. ముప్పై ఏళ్ళలో ఆ చెవుల కోసం ఒక్కరూ తిరిగి రాలేదు.

ఆ నోటికి రెండు జానల కింద, అన్నం దిగే గొట్టంలో, పుట్టకూడనిది ఒకటి పుట్టింది. మొదట సంగటి ముద్ద ఆగింది. రొమ్ము నడుమ ఎవరో గడియ వేసినట్టు నిలిచిపోయేది. చెంబెడు నీళ్ళు తాగి కిందికి తోసేది. కొన్నాళ్ళకు అన్నమూ ఆగింది. అన్నాన్ని గంజిలో పిసికి తాగింది. చివరికి గంజి కూడా మొరాయించడం మొదలుపెట్టింది. ఈ నాలుగు నెలలూ ఆమె పట్టుదలగా చేసిన పని ఒకటే, ఎవరికీ చెప్పకపోవడం. వాళ్ళ కొత్తదిబ్బపాళెంలో ఒకరు తుమ్మితే పది ఇళ్ళవాళ్ళు కషాయం కాచుకొస్తారు. దగ్గర కూర్చుని తాగిస్తారు కూడా. ఆ కషాయాలు తాగడం కంటే ఆకలితో పోవడమే మర్యాదని చెంచమ్మ అభిప్రాయం.

మొగుడు గంగులయ్యకు తెలియలేదా అంటే, ఆయనకు నీళ్ళ రంగు చూసి అడుగున ఏ చేప తిరుగుతోందో తెలుసు గానీ, ఎదుట కూర్చున్న పెళ్ళాం కంచంలో ఏముందో తెలియదు. రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి. అందులో ఆరు "ఊ"లు.

పట్టేసింది ఆడబిడ్డ దుర్గమ్మ. గంగులయ్యకు చెల్లెలు. రెండిళ్ళ అవతలే కాపురం. ఊళ్ళో జరిగిందే కాదు, జరగబోయేది కూడా ఆమెకు ముందే తెలిసిపోతుంది.

"వదినా, రవికెలు వదులైపోతాండాయే! పళ్ళేమన్నా ఊడినాయా, పూటపూటా గంజి తాగతాండావు?"

"నీ కళ్ళు ఊడ! నా కంచంలో నీకేం పని మే?"

"కంచంలో ఏమన్నా ఉంటే గదా నాకు పని."

సాయంత్రానికి కావలిలో ఉండే కూతురు సుభాషిణికి ఫోను వెళ్ళింది. మరునాడే ఆ పిల్ల వచ్చి, తల్లి తిట్టే తిట్లన్నీ వింటూనే ఆటో ఎక్కించి, రైలెక్కించి నెల్లూరు తీసుకుపోయింది. ఆసుపత్రిలో నోటిగుండా కెమెరా దించి చూశారు. చిటికెడు ముక్క గిల్లి పరీక్షకు పంపారు. వారం తర్వాత డాక్టరు నరేంద్రబాబు ఎదురుగా కూర్చోబెట్టి క్యాన్సరని చెప్పాడు.

"ఎవురికి?" అంది చెంచమ్మ.

"నీకే పెద్దమ్మా. టీ బాగా వేడిగా తాగుతావా?"

"చల్లారినాక దాన్ని టీ అంటారా?"

"పొగాకు?"

"ఆకువక్కతో వేసుకుంటా. పొద్దున ఒకసారి, రేత్రి ఒకసారి. నడుమ ఎన్నిసార్లో నీకెందుకులే."

డాక్టరు అంతా రాసుకున్నాడు. అడిగి రాసుకునే మగవాళ్ళంటే చెంచమ్మకు మొదటినుంచీ గిట్టదు.

ముందు ఆరు వారాలు రేడియేషనని కరెంటు పెట్టారు, సీసాలతో మందు ఎక్కించారు. జుట్టు పలచబడింది, వేవిళ్ళ పిల్లలాగా కక్కుకుంది, అయినా నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ స్కానింగు తీసి, గడ్డ బాగా తగ్గింది, ఇక ఆపరేషను చేసేద్దామన్నారు. అసలు రచ్చ అక్కడే మొదలైంది.

డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. "చూడు పెద్దమ్మా. పాడైన గొట్టం తీసేస్తాం. నీ కడుపు సంచినే సన్నంగా కుట్టి, పైకి లాగి, మెడ దగ్గర అతికిస్తాం. ఇకమీదట గొట్టమైనా కడుపైనా నీకు అదే. ఛాతీ తెరవం. కుడిపక్కన నాలుగు బెజ్జాలు, పొట్టమీద ఐదు. కెమెరా పంపి, టీవీలో చూస్తూ చేస్తాం. మెడ దగ్గర మాత్రం చిన్న గీత పడుతుంది."

చెంచమ్మ బొమ్మకేసి చూసింది, డాక్టరుకేసి చూసింది. "బెజ్జాలా?"

"అవును. నొప్పి తక్కువ. ఊపిరికి ఇబ్బంది తక్కువ. తొందరగా లేచి తిరుగుతావు."

"పెద్ద జబ్బంటివి గదా సామీ. పెద్ద జబ్బుకి చిన్న కోతేంది? నీకు నడుం నొప్పి ఉండి వంగి కొయ్యలేకపోతే చెప్పు, తప్పేం లేదు. ఇంకో ఆయన దగ్గరికి పోతాం."

సుభాషిణి రెండు చేతులా మొహం కప్పుకుంది.

కొత్తదిబ్బపాళెంలో ఆపరేషను అంటే గంగులయ్య ఆపరేషనే. పదిహేనేళ్ళ కిందట పేగు మెలిపడితే రొమ్ము దగ్గరనుంచి బొడ్డు కిందిదాకా కోశారు. ఆ మచ్చ లంగరు తాడంత లావున ఉంటుంది. ఆయన చొక్కా లేకుండా ఒడ్డున నడిస్తే పిల్లలు దారి ఇచ్చేవాళ్ళు. పడవలో బరువు ఎత్తబోతే "నువ్వుండన్నా" అని పక్కవాళ్ళు అందుకునేవాళ్ళు. చావు దాకా పోయి వచ్చినవాడికి దక్కే గౌరవం అది.

"ఏమయ్యా, చొక్కా ఎత్తు" అంది చెంచమ్మ. గంగులయ్య డాక్టరు గదిలోనే చొక్కా ఎత్తాడు. "చూసినావా సారూ, కోతంటే అదీ!"

"అట్లాంటిది నేనూ కోయగలను పెద్దమ్మా" అన్నాడు నరేంద్రబాబు ఓపిక కూడగట్టుకుని. "నీకు అక్కర్లేదంటున్నాను."

"అక్కర్లేదని నువ్వెట్టా చెప్తావు? ఒళ్ళు నాది గదా!"

అరగంట సాగింది ఆ వాదన. బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు తోసి చూడసాగారు. చివరికి సుభాషిణి కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "మా, నీకు దణ్ణం పెడతా, కాగితం మీద చెయ్యి పెట్టు" అంటే ఒప్పుకుంది. వేలిముద్ర అడిగితే మాత్రం ఒప్పుకోలేదు. రెండో తరగతి దాకా చదివిన మనిషి. పేరులోని మూడక్షరాలూ కాగితం చిరిగేటట్టు రాసి, పెన్ను కిందపెట్టి, "తీసినదాన్ని మా ఆయనకి చూపించాల. కళ్ళారా" అంది.

"ఎవరికి చేసినా ఇంటివాళ్ళకు చూపిస్తాం" అన్నాడు డాక్టరు.

ఆపరేషను నాడు పొద్దున లోపలికి తీసుకుపోయినవాళ్ళు సాయంకాలానికి గాని బయటికి రాలేదు. నడుమ ఒకసారి గంగులయ్యను పిలిచారు. పళ్ళెంలో పెట్టి చూపించి పంపారు. వచ్చి బల్లమీద కూర్చున్నాడు. సుభాషిణి ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది.

"చూసినావా నాయనా?"

"ఊ."

అంతకు మించి ఆ మనిషి నోటినుంచి మాట రాలేదు. పదో రోజున ఇంటికి పంపేటప్పుడు నర్సు కరుణాకుమారి పక్కన కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది. పొట్టలోకి పెట్టిన సన్న గొట్టంగుండా రెండు గంటలకొకసారి పాలపిండి నీళ్ళు పొయ్యాలి. నోటితో అయితే పలచటివి, అదీ చెంచాతో. ముద్ద అనే మాటే వద్దు, డాక్టరు చూసి సరేననేదాకా. తాగినాక గంటసేపు కూర్చోవాలి. పడుకునేటప్పుడు తల ఎత్తుగా ఉండాలి.

"అవ్వా, అతుకు ఇంకా పచ్చిది. గట్టిది మింగినావంటే ఇబ్బందే, చెప్తున్నా."

"నన్ను చంపి పదిరోజులు కాలా. అప్పుడే నాకు బుద్ధులు చెప్తాండావా" అంది చెంచమ్మ. గొంతు బొంగురుపోయింది గానీ మాటలో పదును తగ్గలేదు.

ఇంటికి చేరిన గంటకు పలకరింపులు మొదలు. బ్రెడ్డు పొట్లాలు, కొబ్బరిబోండాలు, బత్తాయిలు. మంచం చుట్టూ ఆడవాళ్ళు. మగవాళ్ళు అరుగుమీద. అందరిదీ ఒకటే చూపు, కోత ఎక్కడా అని. దుర్గమ్మకు అడిగే ఓపిక కూడా లేకపోయింది. పైట జరిపి చూసింది. పక్కకు వంచి చూసింది.

"ఇంతేనా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళూ మెడలు సాచి చూశారు.

"ఏంది వదినా ఇది! దోమలు కుట్టినట్టుండాది. నేనేమో మా అన్న మాదిరి ఉంటాదనుకుని రేత్రంతా ఏడిస్తి. నా ఏడుపంతా దండగ!"

"నీ ఏడుపు నీ దగ్గరే పెట్టుకో. మెడ మీద గీత కనపడలా?"

"ఆ గీత మా కోడలికి థైరాయిడుకీ పెట్టినారు. మూడోనాడు చేపలమ్మను పోయింది."

పలకరింపుకు వచ్చినవాళ్ళు అయిదు నిమిషాల్లో చేపల రేట్లలోకి దిగారు. చెంచమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆమె సైతం చావు దాకా పోయి వచ్చింది. గంగులయ్యకు పదిహేనేళ్ళు దక్కిన గౌరవం ఆమెకు పదిహేను నిమిషాలు దక్కలేదు. అందరూ లేచిపోయాక దుర్గమ్మ మాత్రం ఆగి, మంచంమీదికి వంగి, గొంతు తగ్గించింది. అరిచే మనిషి గొంతు తగ్గిస్తే భయం.

"వదినా, నాకెందుకో నమ్మకం ల్యా. మూరెడు గొట్టాన్ని ఈ బెజ్జంలోనుంచి ఎట్టా తీస్తారు చెప్పు? లోపల గెలికి, కుదరక మూసేసినారేమో. గడ్డ ఆడనే ఉండాదేమో. సర్కారు కార్డు ఉండాది గదా, బిల్లు పెట్టుకుని పంపించేసినారు."

చెంచమ్మ ఆమెను తిట్టి పంపించింది. కానీ ఆ మాట పోలేదు. పెద్ద జబ్బుకి చిన్న కోతేందని ఆసుపత్రిలో తను పడ్డ అనుమానమే అది, ఇప్పుడు ఇంకొకరి నోటినుంచి వచ్చింది. మొగుణ్ణి అడిగింది.

"నిజంగా చూసినావా?"

"ఊ."

"నిజంగా?"

"ఊ."

ఆ "ఊ" ఎంతమాత్రం ఉపయోగపడలేదు. వల తెగిందా అన్నా ఊ, అన్నం పెట్టనా అన్నా ఊ. సుభాషిణిని అడిగితే ఆ పిల్ల ఫోనులో రిపోర్టు చూపించింది. అది ఇంగ్లీషు. ఇంగ్లీషులో ఎవడేమైనా రాసుకోవచ్చు.

గడ్డ లోపల ఉన్నట్టా, లేనట్టా? చెంచమ్మకు అదొక్కటే పట్టుకుంది. ఉంటే ఈ పాలపిండి నీళ్ళూ, ఈ దిండ్లూ, ఈ కూర్చోవడాలూ అన్నీ వట్టివే. రోజులు లెక్కపెట్టుకోవడమే. తెలుసుకునే దారి ఆమెకు ఒకటే తెలుసు. మొదట గడ్డను బయటపెట్టింది సంగటి ముద్ద. అది పోయిందో లేదో చెప్పాల్సింది కూడా ముద్దే. దిగిందా, గడ్డ లేదు. ఆగిందా, ఉంది. ఇంత తేలిక పరీక్షకు రైలెక్కి నెల్లూరెందుకు?

ఇంటికొచ్చిన ఎనిమిదో రోజు మధ్యాహ్నం గంగులయ్య వల బాగుచెయ్యడానికి ఒడ్డుకు పోయాడు. సుభాషిణి కావలి వెళ్ళింది. చెంచమ్మ పొట్ట దగ్గరి గొట్టాన్ని పైటలో దోపుకుని, గోడ పట్టుకుని, దుర్గమ్మ ఇంటికి నడిచింది. అక్కడ పొయ్యిమీద కానాగంతల పులుసు.

"ముద్ద కలిపి పెట్టు" అంది.

"డాక్టరు వద్దన్నాడని మా అన్న..."

"మీ అన్న ఊ అన్నాడు. పెట్టు."

పడవమీద పోయేవాడు తినే ముద్దంత కలిపించుకుంది. చిన్న ముద్దయితే పరీక్ష పరీక్షే కాదు. నోట్లో పెట్టుకుని, నమిలీ నమలకుండా, కళ్ళు మూసుకుని మింగింది.

ఆగింది.

నీళ్ళు తాగింది. నీళ్ళూ ఆగి, ముక్కుల్లోనుంచి పులుసుతో సహా వచ్చాయి. దగ్గు తెరలు తెరలుగా ఎగదన్నింది. దుర్గమ్మ వీపుమీద బాదుతూ ఊరంతా వినపడేటట్టు అరిచింది. గంగులయ్య వల వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. కారు మాట్లాడుకుని నెల్లూరు చేరేదాకా చెంచమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడలేకపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె అంతసేపు నోరు మూసుకుని ఉండటం అదే మొదలు. మింగుడుపడని ముద్ద బాధ సగమే, గడ్డ ఉందని తేలిపోయిందే, ఆ బాధ అసలు బాధ. దుర్గమ్మ చెప్పిందే నిజమైందన్న మంట వేరే.

కెమెరా దించి ముద్ద తీశారు. కొంత అన్నం ఊపిరి గొట్టంలోకి పోయి జ్వరం అందుకుంది. మూడో రోజుకు గాని గొంతు పెగల్లేదు. పెగలగానే మొదటి మాట డాక్టరు మీదికే పోయింది.

"సారూ, ముద్ద పెట్టి చూసినా, దిగలా. గడ్డ తీసినావా, లోపలే పెట్టి కుట్టినావా? మొహమాటం వద్దు. చెప్పెయ్యి."

నరేంద్రబాబు చేతిలోని కాగితాల పుస్తకాన్ని మంచంమీద పడేశాడు. "ఆరు గంటలు నిలబడి చేశాం పెద్దమ్మా! ఎవరో ఒకరు రోజూ నడిపించారు, ఊపిరి కోసం ఊదించారు, నీ తిట్లు తిన్నారు. నువ్వేమో ఇంటికిపోయి సంగటి ముద్దతో పరీక్ష పెడతావా?"

"సంగటి గాదు. అన్నం."

"ముందు ఎక్కడ ఆగేది?"

"ఈడ." రొమ్ము నడుమ చూపించింది.

"ఇప్పుడెక్కడ ఆగింది?"

చెంచమ్మ చెయ్యి పైకి పోయి, మెడ దగ్గర గీతమీద నిలిచింది. ఆ సంగతి ఆమె గమనించుకోలేదు.

"అది అతుకు. పచ్చిగా ఉంది, ఇరుగ్గా ఉంది. నువ్వు అంత పెద్ద ముద్ద తోస్తే ఆగదా? రొమ్ము దగ్గర ఆగడానికి ఇప్పుడక్కడ పాత గొట్టమే లేదు. తీసినదాన్ని పరీక్షకు పంపాం, చుట్టూ అంచులు శుభ్రంగా ఉన్నాయని వచ్చింది. ఇంకేం కావాలి?"

"కోత ల్యా గదా!" అంది చెంచమ్మ. ఈసారి గొంతులో పోట్లాట లేదు. "కోత లేకుండా ఎట్టా తీసినావని నేను నమ్మాల?"

కరుణాకుమారి సూదితో మంచం దగ్గరికి వచ్చింది. అప్పుడు మంచం కాళ్ళ దగ్గర స్టూలుమీద కూర్చున్న గంగులయ్య గొంతు సవరించుకున్నాడు.

"నేను చూసినా మే" అన్నాడు. "జానెడు పైనే ఉండాది. పళ్ళెంలో పెట్టినారు. నడుమ ఉప్పురాయి మాదిరి తెల్లంగా, గట్టిగా ఒకటి. అదే నిన్ను తినేది అని డాక్టరు వేలుపెట్టి చూపించినాడు. గీత లేకుండా ఎట్టా వచ్చింది సారూ అని నేనూ అడిగినా. అడిగినాక నాకే సిగ్గేసింది. నలభై ఏళ్ళుగా నా పెళ్ళాం వాకిట్లో కూర్చుని కానాగంతని ఎట్టా తీస్తాందో నేను చూళ్ళేదా?"

చెంచమ్మ కుడిచేతి చూపుడువేలికేసి చూసుకుంది. సూదుల చోట కమిలిపోయి, గోరు నల్లబడి ఉంది.

"ఇది ముందే ఎందుకు చెప్పలా?"

"నువ్వు అడగలా."

"నేనడగలేదా! చూసినావా అని రెండుసార్లు అడగలా?"

"చూసినావా అంటివి. చూసినా కాబట్టి ఊ అంటి. ఎట్టా ఉండాదని అడగలా."

"దేవుడా!" అంది చెంచమ్మ. "ఈ మనిషితో నలభై ఏళ్ళు కాపురం చేసిన దాన్ని, ఆ గడ్డ నన్నేం చేస్తాది!"

కరుణాకుమారి మొహం పక్కకు తిప్పుకుంది. డాక్టరు మాత్రం దాచుకోకుండా నవ్వి, వెంటనే కోపం తెచ్చుకుని, ఆ ఒక్క ముద్దకు శిక్షగా పొట్ట గొట్టం ఇంకో నెల ఉంటుందనీ, మధ్యలో రెండుసార్లు వచ్చి అతుకును సాగదీయించుకోవాలనీ చెప్పాడు. చెంచమ్మ ఎదురు చెప్పాలని నోరు తెరిచింది, దగ్గు వచ్చింది.

నెలన్నర తర్వాత ఒక పొద్దున దుర్గమ్మ చేపల గంపతో వచ్చింది. చెంచమ్మ వాకిట్లో కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా కూర్చుని ఉంది. అప్పట్లో తను అన్న మాటలు దుర్గమ్మకు గుర్తు లేవు. ఆమెకు గుర్తుండవు కూడా.

"బాగుండావే వదినా! నేను అనలా, ఏం కాదని?"

చెంచమ్మ గంపలో చెయ్యి పెట్టి ఒక కానాగంతను తీసింది. ఎడమచేత పట్టుకుంది. చేతిలో పట్టు చాల్లేదు, చేప ఒకసారి జారింది. మళ్ళీ పట్టి, మొప్ప కిందికి వేలు దూర్చి, మెలితిప్పి లాగింది. మునుపటంత ఒడుపుగా కాదుగానీ, వచ్చింది. పేగులు నేలమీద పడేసి, చేపను ఆడబిడ్డ చేతిలో పెట్టింది.

"కోత యాడుందో చూపించు."

దుర్గమ్మ అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒప్పుకునే రకం కాదు.

"బాగానే ఉండాది. చచ్చిన చేప గదా, ఎట్టన్నా లాగొచ్చు. బతికుండే మనిషిలోనుంచి లాగడమే..."

"అదే గదా మే ఆ డాక్టరు గొప్ప!" అరిచింది చెంచమ్మ. "చచ్చిన చేపలోనుంచి తీసినందుకే ముప్పై ఏళ్ళు కావలంతా నన్ను పొగిడింది. ఆ మహానుభావుడు బతికుండేదాన్లోనుంచి తీసి, నడిపించి ఇంటికి పంపినాడు. నేనేమో వాణ్ణి నడుం నొప్పా అని అడిగినా!"

దుర్గమ్మ చేపను గంపలో వేసుకుంది. "సరేలే. ఈ చేపని పులుసుకి తీసుకుపోతా. నువ్వెట్టాగూ తినవు."

"పెట్టు ఈడ! మెత్తగా పిసికి ఆరు చెంచాలు తింటా. సాయంత్రం ఇంకో ఆరు."

గంగులయ్య లోపలినుంచి గ్లాసుతో వచ్చాడు. రెండు గంటలకొకసారి గడియారం చూసుకోవడం ఆయనకు ఈమధ్య అలవాటైంది. గ్లాసును చేతిలో అటూ ఇటూ తిప్పి, వేలు ముంచి వేడి చూసి, అప్పుడు ఇచ్చాడు. చెంచమ్మ ఒక గుక్క తీసుకుని, మెడ దగ్గర చెయ్యి పెట్టుకుని, దిగేదాకా ఆగింది. దిగింది. మొహం మాత్రం చేదు మింగినట్టు పెట్టింది.

"చల్లారిపోయింది. దీన్ని టీ అంటారా?"

"ఊ" అన్నాడు గంగులయ్య.